నీళ్ల కుండ మీది పలక

కార్తీక బహుళ పంచమి, బుధవారం, పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు మస్తానమ్మ పిన్ని తన గుమ్మం పక్కన మేకు కొట్టి, పనికిరాని పలకనొకదాన్ని దానికి తగిలించింది. ఇది గుర్తుండి రాస్తున్న మాట కాదు. గుర్తును నేను నమ్మను. మా ఇంట్లో దూలానికి వేలాడే పంచాంగంలో, ఆ రోజు తిథి పక్కనున్న ఖాళీలో అప్పుడే పెన్సిలుతో రాసుకున్నాను. మా నాయన గడియారం రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోయేది. ఆయన రాత్రి పడుకునేటప్పుడు దాన్ని సరిచేసేవాడు కాబట్టి, పొద్దున ఆరుకు తేడా ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండదు. ఆ పంచాంగం ఎప్పుడో చిరిగిపోయింది. అందులో రాసుకున్న మాటలను మాత్రం నోటుపుస్తకం మారినప్పుడల్లా ఎత్తి రాసుకుంటూ వచ్చాను.

మొన్న గిద్దలూరులో మా చెల్లెలు రమణమ్మ పోయింది. పదకొండో రోజు కార్యమైన తర్వాత ఆమె వంటింట్లో సామాన్లు సర్దుతూ నీళ్ల కుండను వంపుదామని మూత తీశాను. మూత అంటే ఒక పలక. చుట్టూ చెక్క చట్రం నల్లబడి, ఒక మూల రేకు ఊడిపోయి ఉంది. ఆ కుండలో నీళ్లు ఎన్నిసార్లు ముంచుకు తాగానో నాకు తెలియదు, నేను లెక్క పెట్టకుండా వదిలేసిన కొద్దివాటిలో అదొకటి. ప్రతిసారీ ఆ పలకను పక్కన పెట్టి, నీళ్లు ముంచుకుని, మళ్లీ అట్లాగే పెట్టేదాన్ని. అడుగువైపు తిప్పి చూసింది ఆ రోజే. కింద కూర్చుండిపోయాను. మా చెల్లెలి కూతురు పరుగెత్తుకొచ్చి, "ఏంది పెద్దమ్మా, కళ్లు తిరిగినాయా?" అని అడిగింది. లేదన్నాను. ఆ పలక మీద మేకుతో గీసిన గీతలున్నాయి.

మాది మార్కాపురం అంచున పలకలు చేసే వీధి. ముప్పై ఒక్క ఇళ్లు. పై కొసన ఆరిళ్లవాళ్లు తోటలో కూలికి పోయేవాళ్లు, తక్కిన ఇరవై ఐదిళ్లూ పలక మీదే బతికేవి. మగవాళ్లు గని నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా విడదీసేవాళ్లు. ఆడవాళ్లు షెడ్డు ముందు వరసగా కూర్చుని, ఇసుక, నీళ్లు పోసి ఆ పొరలను నునుపుగా రుద్దేవాళ్లు. మా నాయన చట్రాలు బిగించేవాడు. తెల్లవారగానే మా వీధిలో మూడు వాసనలు ఉండేవి: తడిసిన రాయి వాసన, చట్రాల చెక్క రంపపు పొట్టు వాసన, ఆ పొట్టునే పొయ్యిలో వేస్తే వచ్చే పొగ వాసన. మా అమ్మ కందిపప్పు పొయ్యి మీద పెట్టి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, మా ఇద్దరికీ జడలల్లి వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉండేది. "ఈ బోరింగు నీళ్లకు రాయైనా ఉడుకుతాది గానీ పప్పు ఉడకదు" అని రోజూ అనేది. రోజూ ఆ నీళ్లతోనే వండేది. వీధి నడుమ ఉన్న ఆ చేతిపంపు నా మూడో ఏట వేసింది. అంతకుముందు మైలు దూరం పోయి తెచ్చుకునేవాళ్లట. ఇంటి ముందుకొచ్చిన నీళ్లకు ఎవరు వంక పెడతారు?

మా వీధి పిల్లలు నోరు మూసుకుని నవ్వేవాళ్లు. పళ్ల నిండా గార, పసుపు కాదు, ఇటుక రంగు. వేపపుల్లతో, బొగ్గుతో, ఆఖరికి షెడ్డులోని సన్న ఇసుకతో తోమినా పోయేది కాదు. అది మా వంశంలోనే ఉందని ఎవరికి వాళ్లం అనుకునేవాళ్లం. వీధి మొత్తానికి ఒకే వంశం ఎట్లా ఉంటుందని ఎవరికీ తోచలేదు. పళ్లతో ఆగిపోతే అదొక లెక్క. రమణమ్మకు నాలుగేళ్లప్పుడు కాళ్లు తిన్నగా ఉండేవి. ఆరేళ్లకు నిలబడితే మోకాళ్ల మధ్య నా పిడికిలి పట్టేది, ఎనిమిదేళ్లకు రెండు పిడికిళ్లు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి నేను కొలవడం మానేశాను. అమ్మ దాని కాళ్లను పాత చీర పేలికతో కలిపి కట్టి పడుకోబెట్టేది. పగలు మడమల దాకా పావడా కట్టేది. బడికి పోతే పిల్లలు "దొడ్డికాళ్ల రమణ" అంటున్నారని బడి మాన్పించింది. అది రోజంతా మా అరుగు మీద కూర్చుని, ఎదురుగా షెడ్డు గోడను చూస్తూ ఉండేది.

మందులపెట్టె పట్టుకుని నెలకోసారి వచ్చే నర్సమ్మ ఒకామె ఉండేది. ఆమె రమణమ్మ మోకాళ్లు పట్టి చూసి, నీళ్లలో ఏదో ఉందేమోనంది. "ఏ ఇంట్లో ఎందరు పిల్లలకు పళ్లిట్ల ఉన్నాయి, ఎందరికి కాళ్లు వంగినాయి, కాగితం మీద రాసియ్యండి. పెద్ద సారును తీసుకొస్తా. నోటి మాటకు ఆయన రాడు" అని చెప్పి పోయింది. మా వీధిలో పంచాంగం అంచులు తప్ప కాగితం లేదు. ఉన్నా రాసే పెద్దవాళ్లు లేరు. ఊరూరి పిల్లలకు అక్షరాలు దిద్దే పలకలు చేసేవాళ్లకు అక్షరం రాదు. ఆడవాళ్లలో ఎవరికీ రాదు, మగవాళ్లలో ముగ్గురికి సంతకం వచ్చు. ఏడో తరగతి చదివే నేనే మా వీధి పండితురాలిని.

మస్తానమ్మ పిన్ని మాకు చుట్టం కాదు, మా మతం కూడా కాదు. అయినా ఆమె నాకు పిన్ని, మా అమ్మకు చెల్లెలు. ముప్పై ఏళ్లకే నడుం పట్టేసి, లేవాలంటే గోడ పట్టుకునేది. ఆ బుధవారం పొద్దున తగిలించిన పలక మీద ఆమె బలపంతో మూడు సున్నాలు చుట్టి, వాటి లోపల నలుపు కనబడకుండా బలపంతో నింపింది. ఆ పక్కన ఒక గీత, ఒక కొంకి.

"ఏంది పిన్నీ ఇది?" అన్నాను.

"నా ముగ్గురు పిల్లల పళ్లు. ఈ గీత నేను."

"మరి ఈ కొంకి?"

"నా నడుము. గీత నేనయితే, కొంకి నా నడుము కాదూ! కాగితం లేకుంటే ఏమాయె, పనికిరాని పలకలు షెడ్డెనక గుట్ట పడి ఉన్నాయి. రాత రాకుంటే ఏమాయె, వేళ్లు లేవా?"

సాయంత్రానికి ఆరు గుమ్మాల పక్కన పలకలు వేలాడాయి. పళ్లకు సున్నాలు, వంగిన కాళ్లకు ఎదురెదురుగా రెండు వంపు గీతలు, నడుముకు కొంకి. ఈ గుర్తులను ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నారు. నాలుగో ఇంటి ముసలాయన తన ఎద్దు కూడా కుంటుతోందని ఎద్దు బొమ్మ వేశాడు. "ఎద్దు కూడా బోరింగు నీళ్లే తాగుతాది, దాన్ని లెక్కలో నుంచి తీసేయడానికి మీరెవరు?" అని దబాయించాడు. పలకలు రుద్దేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటల్లోకి కొత్తది ఒకటి చేరింది. ఒకరు అడిగితే ఒకరు చెప్పాలి. "పన్నెట్లుందే పాపా?" అని ఒక వరస అడిగితే, "గారబట్టిన గోడ" అని రెండో వరస. "నీళ్లెక్కడివే పాపా?" అంటే, "నడివీధి బోరు." పాటలో ఇంటింటికీ ఒక చరణం కలిసింది. ఎవరి చరణం వాళ్లే కట్టాలి, పక్కింటివాళ్ల గురించి కట్టకూడదని మస్తానమ్మ పిన్ని నియమం పెట్టింది. ఆ నియమం లేకపోతే మూడో రోజుకే జుట్లు పట్టుకునేవాళ్లు.

అందరూ సంతోషంగా తగిలించారని అనుకోవద్దు. ఆడపిల్లలున్న ఇళ్లు వెనకాడాయి. కాళ్ల గుర్తు గుమ్మానికి పెట్టుకుంటే ఆ ఇంటికి సంబంధం ఎవరు తెస్తారు? లెక్క రాసే పని నాది. ఇంటింటికీ పోయి, పిల్లలను వాకిట్లో నిలబెట్టి, నోరు తెరవమని, మోకాళ్లు కలపమని, ఎవరి పలక మీద వాళ్లకు గుర్తులు వేసిపెట్టేదాన్ని. మా ఇల్లు పదకొండోది. మా పలక తీసుకుని కూర్చున్నప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"పళ్లు రాసుకో. కాళ్లు రాయొద్దు."

"లెక్క తప్పుతాదమ్మా."

"ఒక్కటి తప్పితే నీ లెక్క కొంపేమీ మునగదు. దాని బతుకు మునుగుతాది. బలపం రాతైనా ఊరంతా చూస్తాది."

నేను పళ్ల గుర్తులు రెండు వేసి ఊరుకున్నాను. రమణమ్మ అరుగు మీద నుంచి చూస్తూనే ఉంది.

తొమ్మిదో రోజుకు ముప్పై ఒక్క పలకలూ తయారయ్యాయి. పెద్ద సారు శనివారం పది గంటలకు వస్తాడని నర్సమ్మ కబురు పంపింది. శనివారం అమావాస్య, అమావాస్య పూట పనేమిటని ముసలివాళ్లు సణిగారు. సారు వీధంతా తిరుగుతాడో తిరగడోనని, గురువారం పలకలన్నీ తెచ్చి షెడ్డు గోడకు ఇళ్లున్న వరసలోనే తగిలించాం. ఎడమ చివర మొదటిల్లు, కుడి చివర ముప్పై ఒకటో ఇల్లు. నేను కూడిక వేశాను. గార పళ్ల పిల్లలు నలభై మూడు. కాళ్లు వంగిన పిల్లలు ఎనిమిది. ఎనిమిది అని రాసినప్పుడు నా చెయ్యి ఆగింది. అయినా రాశాను.

ఆ గోడను ఎదురుగా కూర్చుని రోజంతా చూసింది మాత్రం రమణమ్మ ఒక్కతే. సాయంత్రం నన్ను పిలిచింది.

"అక్కా, ఆ పై ఆరు పలకల మీద ఏమీ లేదేం?"

"వాళ్ల పిల్లలకు ఏమీ లేదు. పద్నాలుగు మందినీ చూసినా."

"వాళ్లు బోరింగు దగ్గరికి రారు కదక్కా. తోట బావి నీళ్లు తాగుతారు."

మస్తానమ్మ పిన్ని చేతిలోని పలక కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి వచ్చింది. ఇంకో పదిమంది వచ్చారు. ఇరవై ఐదు పలకల నిండా గుర్తులు, ఆ తర్వాత గీత గీసినట్టుగా ఖాళీ. తొమ్మిది రోజులు అన్ని ఇళ్లూ నేనే తిరిగాను, కూడికలన్నీ నేనే వేశాను. నాకు కనబడలేదు. నేను మొత్తం కడుతున్నాను, అది గోడను చూస్తోంది. ఆ బావి తోట యజమాని పెద్దయ్యది. ఆయన తోటలో పనిచేసే ఆ ఆరిళ్లకు తప్ప ఎవరికీ కడవ ముంచనిచ్చేవాడు కాదు. పలకల దుమ్ము బావిలో పడుతుందనేది ఆయన చెప్పే కారణం. చెప్పని కారణం అందరికీ తెలుసు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి వాన పట్టింది. మా వైపు వాన రావాలని ఎదురుచూడడమే గానీ, రాకూడదని ఎవరూ ఎప్పుడూ మొక్కుకోరు. అరగంట కురిసింది. ఆగాక వెళ్లి చూస్తే షెడ్డు గోడ మీద ముప్పై ఒక్క పలకలు నల్లగా, శుభ్రంగా, అప్పుడే రుద్దినట్టు మెరుస్తున్నాయి. పొర లేచిన పలకలు కాబట్టి వాటిలో తొమ్మిదైతే నీటిని పీల్చి విచ్చిపోయాయి కూడా. పలకను నీళ్లతో కడగడమే పనిగా బతికేవాళ్లం, వాన కూడా నీళ్లేనని మర్చిపోయాం. ఎవరిని తిట్టాలో తెలియక ఆడవాళ్లు ఒకరినొకరు తిట్టుకున్నారు. "వానను నేను పిలుచుకొచ్చినానా?" అని మస్తానమ్మ పిన్ని మొదటిసారి ఏడ్చింది.

శనివారం పొద్దున అయిదున్నరకు తలుపు చప్పుడైతే లేచాను. మా నాయన షెడ్డు నుంచి చట్రాలు బిగించిన మంచి పలకలు మోసుకొచ్చి వాకిట్లో పేరుస్తున్నాడు. ముప్పై ఒకటి. పక్కన డబ్బాలో చట్రాలకు కొట్టే మేకులు. ఇది అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. మా వీధిలో పిల్లలు అబద్ధం చెప్పినా, దొంగతనం చేసినా తిట్లతో పోయేది. మేకుతో పలక గీస్తే మాత్రం ఒళ్లు చీరేవాళ్లు. గీత పడ్డ పలక ఇక దేనికీ పనికిరాదు. నేను ఒకే ఒక్కసారి మా నాయన చేతి దెబ్బ తిన్నది దానికే. ఆయన ఆ మేకుల డబ్బా మస్తానమ్మ పిన్ని ముందు పెట్టి ఒక్క మాటన్నాడు.

"గీయండి. ఈసారి ఏ వానొచ్చినా పోదు."

వీధంతా వాకిళ్లలో కూర్చుని గీశారు. ఆ కీచు శబ్దానికి పళ్లు జివ్వుమనేవి. ఎద్దు ముసలాయన ఎద్దును కొమ్ములతో సహా గీశాడు. మా పలక నా ఒళ్లో ఉంది. పళ్లు రెండు గీసి, మేకు అట్లాగే పట్టుకుని ఉండిపోయాను. అటుగా పోతున్న మస్తానమ్మ పిన్ని ఆగింది. "బలపంతో రాసింది తప్పయితే తుడిచేయొచ్చు అమ్మాయ్. ఇది పోదు. ఆలోచించుకుని గీయి" అని చెప్పి వెళ్లిపోయింది. గీయమంటోందో వద్దంటోందో నాకు అర్థం కాలేదు.

రమణమ్మ అరుగు దిగి, గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడింది.

"నన్ను గీయవేం?"

"అమ్మ వద్దన్నాది."

"బలపంతో కూడా గీయలేదు. నేను చూసినా. నేను ఈ ఇంట్లో లేనా అక్కా?"

నా చేతిలో నుంచి మేకు తీసుకుంది. అందరిలాగా రెండు వంపు గీతలు వేసి ఊరుకోలేదు. తల గీసింది, రెండు జడలు గీసింది, పావడా గీయలేదు, కాళ్లు గీసింది. మోకాళ్ల దగ్గర విల్లులా వంగిన కాళ్లు, వాటి కింద రెండు పాదాలు. బడి మాన్పించిన పిల్ల, మేకు పిడికిలితో పట్టుకుని, నాలుక బయటపెట్టి, గట్టిగా ఒత్తి గీసింది. అమ్మ వచ్చి చూసేసరికి అయిపోయింది. "ఎవరు గీసినారు?" అంది. "నేనే" అన్నాను. అమ్మ నాతో పందొమ్మిది రోజులు మాట్లాడలేదు.

సారు పదింటికి రాలేదు, పన్నెండు ముప్పావుకు వచ్చాడు. గోడను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాడు, ఎద్దు దగ్గర నవ్వాడు, పదకొండో పలక దగ్గర నవ్వు మానేశాడు. సీసాల్లో నీళ్లు పట్టించుకుపోయాడు. రెండు నెలలకు ఒక మనిషి వచ్చి బోరింగుకు ఎర్ర రంగు పూసి, తాగొద్దని చెప్పి పోయాడు. ఏది తాగాలో చెప్పలేదు. చెప్పింది ఆ గోడే. సారు వచ్చిపోయిన మొదటి వారంలోనే తోట పెద్దయ్య వచ్చి, పంచె ఎగగట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. ఖాళీగా ఉన్న ఆరు పలకలను చూసి, "నా బావి నీళ్ల మహిమ" అన్నాడు గర్వంగా. మస్తానమ్మ పిన్ని వెంటనే, "అవును పెద్దయ్యా. మహిమ మీ బావిది. మరి ఈ ఇరవై ఐదూ ఎవరి మహిమ?" అంది. ఆయన పంచె దించుకుని తోట వైపు పోయాడు. సంక్రాంతి దాటాక కబురు చేశాడు: బావిలో పూడిక తీస్తే, గట్టు కట్టుకుంటే, కడవలు కడిగి తెచ్చుకుంటే, ముంచుకోవచ్చు. ఇంటికొకరు చొప్పున పదహారు రోజులు పూడిక తీశారు. గట్టుకు మా వీధి రాయే పరిచారు. వాన తడిపిన ఆ పాత పలకలు గట్టు సందుల్లో పోయాయి. పాటలో చివరి చరణం మారింది, నడివీధి బోరు పోయి తోట బావి వచ్చింది. కొత్తది ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

అన్నీ బాగైపోయాయని రాస్తే అబద్ధం. వంగిన కాళ్లు తిన్నగా రాలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా వచ్చాయి. ఇద్దరికి మాత్రం గార పట్టింది, ఎండాకాలం బావి అడుగంటినప్పుడు వాళ్ల ఇంట్లో ఎర్ర రంగు చూసీ చూడనట్టు బోరింగు కొట్టుకున్నారు. రమణమ్మకు రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. మూడోది నిలిచింది. అతను కంభం మనిషి, పెళ్లిచూపులకు వచ్చినప్పుడు రమణమ్మ కాళ్లు దాచుకోకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించి, "ఇంతే, ఇంకేమీ మారదు" అందట. గిద్దలూరులో కాపురం. కాలితో తొక్కే మిషను కుదరక, చేత్తో తిప్పే మిషను పెట్టుకుని నలభై ఏళ్లు జాకెట్లు కుట్టింది. అమ్మ పోయాక ఒకసారి నన్ను ఆటపట్టించింది. "నా కోసం తిట్లు తిన్నావు సరే అక్కా, నా బొమ్మ కూడా నీదేనని చెప్పుకున్నావు. నా జన్మలో ఒకే ఒక్క బొమ్మ వేసినా, దాన్ని కూడా కొట్టేసినావు!" అప్పుడు కూడా ఆ పలక తన దగ్గరే ఉందని చెప్పలేదు. కుండ మీద ఉంది. నేను ఆ కుండలో నీళ్లే తాగుతున్నాను.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ నీళ్ల డబ్బా ఆటోలో వస్తుంది. ఎవరి డబ్బా వారిది. ఏ ప్లాంటు నుంచి వస్తుందో, అందులో ఏముందో అడిగేవాళ్లు లేరు. మా చెల్లెలి కూతురి ఫోనులో వాళ్ల వీధి గ్రూపు ఉంది, నూటికి పైగా మనుషులు. పొద్దున పూట అందరూ అందరికీ పువ్వుల బొమ్మలు పంపుకుంటారు. నేనేమీ తప్పుపట్టడం లేదు. మా కాలంలో అందరం మంచివాళ్లమని కూడా అనను. జుట్లు పట్టుకున్నాం, దాచుకున్నాం, లెక్క తప్పు రాశాం. కానీ తమ ఇంట్లో వంకర ఏదో తమ గుమ్మానికి తామే తగిలించుకుని, పక్కింటి పలకతో కలిపి చూసుకున్న రోజులు పది ఉన్నాయి. ఆ పది రోజుల్లో మాకు కనబడింది, విడివిడిగా పదేళ్లు తాగినా కనబడలేదు.

నా నోటుపుస్తకంలో ఆ కూడికను ఇన్నేళ్లూ ఎనిమిది అనే ఎత్తి రాస్తూ వచ్చాను, ఒకసారి రాసింది దిద్దకూడదని నా పట్టుదల. గిద్దలూరు నుంచి వచ్చిన సాయంత్రం దాన్ని కొట్టేసి తొమ్మిది చేశాను. ఇక పోయినవాటి లెక్క. మేకుతో గీసిన పలకలు ముప్పై ఒకటిలో ముప్పై. పలకల షెడ్డు ఒకటి. ప్లాట్ల కింద పూడిపోయిన తోట బావి ఒకటి. ఎద్దు ఒకటి, దాని ముసలాయన. మస్తానమ్మ పిన్ని. నాయన. అమ్మ. పాటలో నాకిప్పుడు గుర్తురాని చరణాలు ఇరవై తొమ్మిది. కాళ్లు వంగిన పిల్లలు తొమ్మిది మందిలో నాకు తెలిసి ఆరుగురు. ఆ ఆరులో చెల్లెలు ఒకతె.